ముద్ర పడిన నందివర్ధనం

గండివాడ ప్రమాణ నిర్ధారణ కార్యాలయం సంగతి తెలియని దుకాణదారు ఆ చుట్టుపక్కల లేడు. తూకపు రాయి గానీ, పాలు కొలిచే గ్లాసు గానీ, బట్టల కొట్లో మీటరు కడ్డీ గానీ ఏడాదికోసారి అక్కడికి వెళ్లి, పరీక్షకు నిలబడి, ఒంటి మీద ముద్ర కొట్టించుకుని రావాలి. ముద్ర లేని కిలోరాయి ఆ కార్యాలయం దృష్టిలో కిలో కాదు, ఉత్త ఇనుము. ఇలాంటి చోట ఒక పువ్వు చిక్కుకుంటే ఏమవుతుందో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. తాయారు తన చేతిపుస్తకాన్ని ఆఫీసుకు తీసుకెళ్లేదాకా ఆలోచించవలసిన అవసరమూ రాలేదు.

తాయారు అక్కడ సీనియర్ అసిస్టెంటు. ఉత్తర్వులు, జవాబులు, సంజాయిషీలు రాయడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ఇంట్లో మాత్రం ఆవిడకు మాటలకు కరువు. అత్తగారు నరసాయమ్మకూ ఆవిడకూ గొడవలేమీ లేవు. గొడవ పడాలన్నా మాటలుండాలి కదా. "పాలొచ్చాయా?" "వచ్చాయండి." "కుక్కరు దింపావా?" "దింపానండి." కాపురానికి వచ్చిన నాటి నుంచీ వాళ్ల సంభాషణ ఈ పొలిమేర దాటింది లేదు. మిగిలిన మాటలన్నీ టీవీ సీరియల్లో అత్తాకోడళ్లే మాట్లాడేసేవారు.

ఒక ఆదివారం తాయారు తన నోటుపుస్తకానికి పాత నీలం చీర ముక్కను మైదా జిగురుతో అంటిస్తూ కూర్చుంది. నరసాయమ్మ సీరియల్ వదిలి వచ్చి కాసేపు చూసింది.

"పుస్తకానికి కూడా కుచ్చిళ్లు పెడతారేంటే మీ ఆఫీసులో?" అంది. పక్కన కూర్చుని ముడతలు తనే సరిచేసింది. తర్వాత లోపలికి వెళ్లి, తన మోకాలికి తీసిన ఎక్స్‌రే ఫిల్మూ, ఒక బ్లేడూ తెచ్చి, మోకాలి చిప్ప ఉన్నచోట అయిదు రేకుల నందివర్ధనం పువ్వు కోసింది. రేకుకీ రేకుకీ మధ్య కొయ్యకుండా వదిలిన సన్నని పట్టీ, వాటిని పట్టుకుని నడుమ చిన్న బొట్టు. ఆ అచ్చును చీర ముక్క మీద పెట్టి, స్పాంజి ముక్కను తెల్లరంగులో ముంచి, తడి పిండేసి, తట్టి తట్టి అద్దింది. ఫిల్ము ఎత్తేసరికి నీలం గుడ్డ మీద తెల్లటి నందివర్ధనం విచ్చుకుని ఉంది.

"మోకాలు అరిగిపోయిందన్నాడు డాక్టరు. ఇన్నాళ్లకి దేనికో దానికి పనికొచ్చింది," అంది నరసాయమ్మ.

తాయారు నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది. ఆ తర్వాత ఆదివారాలు టీవీ మూగబోయింది. పుస్తకాలకు గుడ్డలు అంటిస్తూ, పువ్వులు అద్దుతూ అత్తాకోడళ్లు ఎన్నో ఏళ్ల బకాయి మాటలన్నీ చెప్పుకున్నారు. పెళ్లయిన కొత్తలో కోడలు పెట్టిన చారు బాగుందని అప్పట్లో అనలేకపోయానని కూడా నరసాయమ్మ ఒప్పుకుంది. తాయారుకు ఆ ఆదివారాలు ప్రాణంగా మారాయి. వారమంతా వాటి కోసమే ఎదురుచూసేది.

అలా తయారైన పుస్తకాల్లో ఒకటి ఆఫీసు బల్ల మీద ఉండగా, జిల్లా ప్రమాణాధికారి విశ్వపతిరావుగారు అటుగా వచ్చారు. ఆయన లంచం ముట్టని మనిషి. అందువల్ల మిగిలిన తీరికనంతా నిబంధనల మీద ఖర్చు పెట్టేవారు.

"ఇదేమిటమ్మా?"

"చేతిపుస్తకమండి. పాత చీర అంటించి పైన పువ్వు అద్దాం."

"ఎవరి ఉత్తర్వు మీద?"

"మా అత్తగారి ఉత్తర్వు మీదండి."

మామూలు రోజుల్లో అయితే ఆయన ఒక మెమో ఇచ్చి ఊరుకునేవారు. కానీ ఆ వారమే రాజధాని నుంచి 'ఆహ్లాద కార్యాలయ పథకం' దిగింది. సిబ్బందిలో దాగియున్న సృజనాత్మకతను ప్రతి కార్యాలయమూ గుర్తించి, వెలికితీసి, సత్వరమే నివేదిక పంపవలెనని దాని సారాంశం. తన సిబ్బందిలో అలాంటిదేదో దాగి ఉందని విశ్వపతిగారు అంతవరకూ అనుమానించలేదు. ఎక్కడ వెతకాలో తెలియక దిగులుపడుతున్నారు. ఇప్పుడు వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

"దీన్ని శాఖాపరం చేద్దాం," అన్నారు.

మర్నాడే 'సృజనాత్మక శుక్రవారం' అమల్లోకి వచ్చింది. అటెండరు బకెట్టుతో మైదా జిగురు కాచి తెచ్చాడు. గుమాస్తాలు తమ ఇళ్లలోని పాత చీరలు, లుంగీలు తెచ్చి రిజిస్టర్లకు అంటించారు. తాయారు ఇచ్చిన ఎక్స్‌రే అచ్చు బల్ల నుంచి బల్లకు తిరిగింది. రాళ్లకు ముద్ర కోసం వచ్చిన కిరాణా వాళ్లు వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూశారు. కాలక్షేపం బాగానే ఉంది గానీ తమ పని ఎప్పుడవుతుందని ఒకాయన అడిగాడు. సృజనాత్మకత ఆరాక అవుతుందని అటెండరు చెప్పాడు.

సాయంత్రం విశ్వపతిగారు స్కేలు పట్టుకుని పువ్వుల్ని తనిఖీ చేశారు. ఆయన ముఖం నల్లబడింది. రంగు పలచనైన చోట రేకులు ఉబ్బాయి. స్పాంజి గట్టిగా నొక్కిన చోట అంచులు పాకాయి. ఏ రెండు పువ్వులూ ఒక్క కొలతలో లేవు.

"బయట కిలోకి గ్రాము తగ్గితే జరిమానా వేస్తున్నాం. మన పువ్వుల్లో మనమే తేడా పెట్టుకుంటే జనానికి మొహమెలా చూపిస్తాం?" అన్నారు. నిజంగానే అది ప్రమాణాల ఆఫీసు మరి.

సోమవారం ఉత్తర్వు వెలువడింది. విశ్వపతిగారు చెబుతుంటే తాయారే రాసింది. "నిర్దిష్ట పరిమాణము గల ఆకృతిని పలుమార్లు పునరుత్పత్తి చేయునట్టి ఏ పరికరమైనను కొలత సాధనమే యగును. కావున అచ్చు అనబడు 'ఆకృతి ప్రతికల్పన సాధనము'ను పరీక్షించి, ముద్ర వేసి, ప్రామాణిక నమూనాగా భద్రపరచవలెను." అంటే తాయారు అచ్చు ఇక ఇనప బీరువాలో, రెండు తాళాల వెనక ఉంటుంది.

"అది మా అత్తగారిదండి. ఆదివారం కావాలి," అంది తాయారు.

"ప్రామాణిక నమూనా ఇంటికి వెళ్లదమ్మా. అసలు కిలోరాయిని ఎవరైనా పచ్చడి జాడీ మీద బరువు పెట్టుకోడానికి తీసుకెళతారా?"

ముద్ర వేసే పని ఇన్‌స్పెక్టర్ ముత్యాలరావుది. మంచివాడే, కానీ చేతిలో సుత్తి, ముద్ర చెక్కిన ఉక్కు మేకు ఉంటే కొట్టకుండా ఉండలేడు. రాయి మీద కొడితే చిన్న గుంట పడి ముద్ర నిలుస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము మీద కొడితే ఏం పడుతుందో తాయారుకు తెలుసు.

"బెజ్జం పడుతుందండి. చుట్టూ అట్ట కట్టి, ఆ అట్ట మీద కొట్టుకుంటే సరిపోతుంది కదా," అంది.

"ముద్ర సాధనం ఒంటి మీదే ఉండాలి," అన్నారు విశ్వపతిగారు. "సంచి మీద ముద్ర కొట్టించి లోపల రాయి మార్చేసే వాళ్లని మనం చూడలేదా?"

ముత్యాలరావు కొట్టాడు. రేకు పక్కన గుండ్రంగా బెజ్జం పడింది. ఆ తర్వాతి శుక్రవారం అద్దిన ప్రతి పువ్వు పక్కనా ఒక తెల్ల చుక్క వెలిసింది. విశ్వపతిగారు ఆ చుక్కను భూతద్దంలో చూశారు.

"ఈ చుక్క ఆమోదం పొందిన నమూనాలో లేదే. దీనికి ఆధారమేమిటి?"

"మీ ముద్రేనండి," అన్నాడు ముత్యాలరావు.

"ముద్ర ఉండవలసిందే. చుక్క ఉండకూడదు."

కనుక బెజ్జానికి వెనక నుంచి టేపు అంటించారు. టేపు అంటించడమంటే మరమ్మతు. మరమ్మతు చేసిన కొలతకు మళ్లీ పరీక్ష జరిగి ముద్ర పడాలని రూలు. ముత్యాలరావు మళ్లీ కొట్టాడు. మళ్లీ బెజ్జం, మళ్లీ చుక్క, మళ్లీ టేపు, మళ్లీ ముద్ర. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చుక్క పోగొట్టబోయిన ప్రతిసారీ మరో చుక్క పుట్టింది. కొన్ని వారాలకు రిజిస్టర్ల మీద పువ్వుల చుట్టూ చుక్కలు మూగాయి. అమ్మవారు పోసినట్టుందని అటెండరు అన్నాడు. అతనికి మెమో వచ్చింది.

ఇంట్లో నరసాయమ్మ మాత్రం దీన్ని మొదట్లో లెక్కచెయ్యలేదు. "పోనీలే, నాకింకో మోకాలుంది," అని రెండో ఎక్స్‌రే తీసి మరో నందివర్ధనం కోసింది. అత్తాకోడళ్ల ఆదివారం ఎప్పటిలాగే నడిచింది. ఆ సంగతి ఎలాగో విశ్వపతిగారి చెవిన పడింది. ముద్ర లేని కొలత సాధనం ఇంట్లో ఉంచుకోవడం నేరం. అందులోనూ ప్రమాణ నిర్ధారణ కార్యాలయ ఉద్యోగి ఇంట్లో ఉండటమంటే కంచే చేను మేసినట్టు. తనిఖీకి ముత్యాలరావును పంపారు.

అతను చెప్పులు వాకిట్లో విడిచి, సిగ్గుపడుతూ లోపలికి వచ్చాడు. నరసాయమ్మ అతనికి పెసరట్టు పెట్టింది. తిన్నాక అతను గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, మీ ఆధీనంలో ఉన్న ఆకృతి ప్రతికల్పన సాధనమును స్వాధీనపరచుకోవలసిందిగా నాకు ఆదేశమండి."

"ఏంటది?"

"పువ్వు అచ్చండి."

"ఓస్, దానికింత పేరుందా? మరి ముగ్గు గొట్టం సంగతేంటి నాయనా? దానికీ బెజ్జాలున్నాయి. దొర్లిస్తే ఒకటే ముగ్గు పడుతుంది మళ్లీ మళ్లీ. దానిక్కూడా ముద్ర కొడతావా?"

నరసాయమ్మ వెక్కిరించడానికి అంది. కానీ ముత్యాలరావు జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. గురువారానికల్లా ముగ్గు గొట్టాలు కూడా కొలత సాధనాలయ్యాయి. శుక్రవారం ఆఫీసు ముందు ఆడవాళ్లు గొట్టాలు పట్టుకుని వరస కట్టారు. బస్తాల మీద ఏనుగు బొమ్మ అద్దే రేకుతో రైసుమిల్లు గుమాస్తా వాళ్ల వెనక నిలబడ్డాడు. ముద్ర పడ్డాక ఆ ఏనుగుకు పొట్ట మీద మూడో కన్ను వచ్చింది. మిల్లు యజమాని శివుడి మహిమ అని బియ్యం ధర పెంచాడు.

ఇదంతా తాయారుకు నవ్వు తెప్పించవలసిందే, కానీ నవ్వు రాలేదు. అచ్చు స్వాధీనమైన రోజున ఆవిడ చేతికి మెమో కూడా అందింది. ఇంకోసారి ఇంట్లో అచ్చు కనిపిస్తే సస్పెన్షనేనని అందులో ఉంది. నరసాయమ్మ దాన్ని చదివించుకుని విని, రంగు సీసాల మూతలు బిగించి, బ్లేడు కాగితంలో చుట్టి అటక మీద పెట్టేసింది.

"నీ ఉద్యోగానికి మాట రాకూడదమ్మాయ్. పువ్వులేం పువ్వులు," అంది.

ఆదివారం మళ్లీ టీవీ మొదలైంది. "పాలొచ్చాయా?" "వచ్చాయండి." పాత పొలిమేర మళ్లీ లేచింది. అత్తగారు సోఫాలో, తాను వంటింట్లో, మధ్యలో సీరియల్ వాళ్ల ఏడుపు. తాయారుకు సస్పెన్షనన్నా నయమే, ఈ నిశ్శబ్దాన్ని భరించడం కష్టమనిపించింది.

ఆఫీసులో అచ్చు పరిస్థితీ అంతంతమాత్రంగానే ఉంది. పువ్వు చుట్టూ ఫిల్మంతా టేపుమయమై, ఇక ముద్రకు చోటు లేదు. మిగిలిన చోటల్లా రేకుల మధ్య పట్టీలే. ముత్యాలరావు అక్కడ కొట్టాడు. ఒక్కో ముద్రకు ఒక్కో పట్టీ తెగి, రేకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చివరి ముద్రకు నడిమి బొట్టు కాస్తా ఊడి కింద పడింది. అంచులు వంకరగా ఉన్నాయని విశ్వపతిగారు కత్తెరతో గుండ్రంగా సరిచేయించారు. ఇప్పుడు ఫిల్ములో మిగిలింది పూరీ అంత గుండ్రటి బెజ్జం.

"సరిచేశాక మళ్లీ ముద్ర పడాలండి. ఎక్కడ కొట్టమంటారు?" అన్నాడు ముత్యాలరావు.

విశ్వపతిగారు ఫిల్మును తిరగేసి చూశారు. "ఈ బెజ్జం ఎలా పడింది?"

"ముద్రలు కొట్టి కొట్టేనండి."

"అయితే బెజ్జమంతా ముద్రే. వేరే ముద్ర ఎందుకు?"

అలా మొట్టమొదటిసారి ఆ అచ్చు పరీక్ష నెగ్గింది. దాంతో అద్దితే తెల్లటి గుండ్రం పడుతుంది, పక్కన చుక్క లేదు. ఎన్నిసార్లు కొలిచినా ఒకటే కొలత. విశ్వపతిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ శుక్రవారమే పథకం పరిశీలనకు రాజధాని నుంచి డైరెక్టరమ్మగారు వచ్చారు. హాల్లో రిజిస్టర్లన్నీ వరసగా పేర్చారు. అన్నిటి మీదా తెల్లటి గుండ్రాలు. దండలు, శాలువా అయ్యాక ఆవిడ ఒక రిజిస్టరు చేతిలోకి తీసుకున్నారు.

"చాలా నిరాడంబరంగా ఉంది. ఏం పువ్వండీ ఇది?"

"నందివర్ధనమండి," అన్నారు విశ్వపతిగారు.

"మరి రేకులు?"

విశ్వపతిగారు తడబడలేదు. ఆ క్షణానికి ఆయన మనసులో సందేహమన్నది లేదు. "తొలగించామండి. దీర్ఘకాలిక పరీక్షల్లో మాకు తేలిందేమంటే, పువ్వుకూ పువ్వుకూ తేడా వచ్చేది రేకుల దగ్గరే. రేకులు లేని పువ్వుకు దోషం లేదండి."

డైరెక్టరమ్మగారు ఆ గుండ్రాన్ని వెలుతురుకు తిప్పి చూశారు. ఎన్నో జిల్లాలు తిరిగి, ఎన్నో వంకర పువ్వులు చూసి విసిగిన మనిషి ఆవిడ. "రాష్ట్రంలో ఇంత ఏకరూపమైన సృజనాత్మకత నేనెక్కడా చూడలేదు," అన్నారు. దీన్ని రాష్ట్రమంతటా అమలు చేద్దామనీ, సాయంత్రం తాను బయల్దేరేలోగా నిబంధనల ముసాయిదా తయారుచేసి ఇమ్మనీ చెప్పి భోజనానికి లేచారు.

ముసాయిదా అంటే తాయారే. విశ్వపతిగారు ఆనందంతో గదిలో పచార్లు చేస్తూ చెబుతున్నారు, ఆవిడ రాస్తోంది. "పువ్వు అనగా, ముద్రిత ప్రమాణము గల, అంచున ఏ విధమైన విభజనయు లేని గుండ్రని ఆకృతి..."

తాయారు పెన్ను ఆపింది. పచార్లు చేసే ఆ మనిషిని చూసింది. ఆయన చెప్పిన వాక్యాన్ని మళ్లీ చదువుకుంది. ఆదివారం గుర్తొచ్చింది. గొంతు మాత్రం ఎప్పటి ఆఫీసు గొంతే.

"రేకులున్న వాటిని ఏమని రాయమంటారండి? 'నాసిరకపు పువ్వులు' అందామా?"

"ఛ, ఛ. అలా అంటే వాటికీ పువ్వు హోదా ఇచ్చినట్టే. అసలవి పువ్వులే కాదు."

"'రేకులు కలిగినవేవియు పువ్వులు కానేరవు.' రాశానండి. పువ్వు కానిదాన్ని మన శాఖ తనిఖీ చేస్తుందాండి?"

"ఎందుకు చేస్తుంది? పువ్వును చూడటానికే తీరిక లేదు, పువ్వు కానివాటి వెంట పడతామా?"

"ఆ ముక్క కూడా చేర్చమంటారా?"

"చేర్చండి. నిబంధనంటే స్పష్టత ఉండాలి."

తాయారు చేర్చింది. "అట్టి పువ్వులు కాని ఆకృతులకు, వాని అచ్చులకు ఈ నిబంధనలు గానీ, ఇదివరలో జారీయైన ఉత్తర్వులు, మెమోలు గానీ వర్తించవు." విశ్వపతిగారు రెండుసార్లు చదివి, "భాష మీద మీకున్న పట్టు ఎవరికీ లేదమ్మా," అని సంతకం చేశారు. సాయంకాలం కారెక్కుతూ డైరెక్టరమ్మగారు కూడా చేశారు. ముగ్గు గొట్టాల ఆడవాళ్లకు విషయం చెప్పి పంపించే బాధ్యత అటెండరు సంతోషంగా తీసుకున్నాడు.

ఇంటికి వచ్చిన తాయారు చెప్పులైనా విప్పకుండా సోఫా ముందు నిలబడింది. సీరియల్లో ఎవరో ఎవరికో విషం కలుపుతున్నారు.

"అత్తయ్యగారూ, మీ నందివర్ధనం పువ్వు కాదటండి."

నరసాయమ్మ తల తిప్పింది. "ఎవరన్నారా మాట?"

"రాష్ట్ర ప్రభుత్వమండి. సంతకాలు కూడా అయిపోయాయి. రాసింది నేనే."

సంగతంతా చెప్పేసరికి నరసాయమ్మ నవ్వలేక కడుపు పట్టుకుంది. టీవీలో విషం కలిపినామె ఏమైందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పటికే ముసలావిడ అటక కింద నిలబడి, బ్లేడు అందించమని కోడల్ని తొందర పెడుతోంది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అన్నాల దగ్గర చారు గురించి ఇద్దరూ వాదించుకున్నారు. ఇంగువ ఎక్కువైందని అత్తగారు, కాలేదని కోడలు. తాయారుకు ఆ వాదన అమృతంలా ఉంది.

ఆదివారం ఇద్దరూ గుడ్డలు పరుచుకుని కూర్చున్నారో లేదో, గేటు దగ్గర స్కూటరు ఆగింది. ముత్యాలరావు లోపలికి వచ్చి, నేల మీద ఆరుతున్న పుస్తకాలను చూశాడు. అన్నిటి మీదా విప్పారిన రేకులు. తాయారు స్పాంజి కింద పెట్టేసింది.

"ఇవి పువ్వులు కావు కదండీ?" అన్నాడతను.

"కావు నాయనా," అంది నరసాయమ్మ. "మీ రూలు ప్రకారమే కావు."

అతను హాయిగా ఊపిరి వదిలి, చంకలోని సంచి విప్పాడు. లోపల ఆకుపచ్చ చీర ముక్క అంటించిన లావుపాటి నోటుపుస్తకం ఉంది. గుడ్డ అంచుల్లో ముడతలున్నాయి, జిగురు ఇంకా ఆరలేదు.

"మా ఆవిడ తయారుచేసిందండి. దీనిమీద నాలుగు వేయించుకు రమ్మంది."

"నాలుగేంటి?"

ముత్యాలరావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అవేనండి. పువ్వులు కానివి."

నరసాయమ్మ పుస్తకం అందుకుని ముడతలు చేత్తో రాసి సరిచేసింది. నడుముకు తీసిన ఎక్స్‌రేలోంచి కొత్త ముక్క తీసి, బ్లేడు పట్టుకుని, అతని వంక చూసింది.

"ఎన్ని రేకులు పెట్టమంది మీ ఆవిడ?"

"ఎన్నయినా పెట్టండమ్మగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, చాప మీద చతికిలబడుతూ. "ఇవాళ లెక్కపెట్టేవాడెవడూ డ్యూటీలో లేడు."